అండమాన్ గాలం వేట: బోటు మీద ఫొటోగ్రాఫర్ యాడ నిలబడాల, చేపను ఎంతసేపు ఎత్తి పట్టుకోవచ్చు?

అనంత_క్లిక్
జనవరిలో అండమాన్ పని ఒకటి ఒప్పుకున్నా. మన అనంతపురం, ధర్మవరం వాళ్లే ఆరుమంది, నాలుగు రోజులు బోటు మీద గాలం వేట. పాపర్లతో (నీళ్ల పైన ఆడే ఎర బొమ్మలు) జీటీ (జెయింట్ ట్రెవల్లీ అనే పెద్ద చేప), జిగ్గులతో (లోతుకు దింపే సీసం ఎరలు) లోతు చేపలు, అదృష్టముంటే కొమ్ముకోనాం (మార్లిన్, సెయిల్‌ఫిష్ జాతి) అంటాండారు. పట్టింది పట్టినట్టు నీళ్లలోకే వదిలేస్తారంట. నాది పెళ్లిళ్ల సామాను: ఫుల్ ఫ్రేమ్ బాడీలు రెండు, 24-70, 70-200 లెన్సులు, ఒక ఫ్లాష్. సముద్రం మీద పని ఇదే మొదలు. బోటు మీద యాడ నిలబడాలో, ఉప్పునీళ్ల నుంచి సామాను ఎట్ల కాపాడుకోవాలో చెప్పండి. అసలు తలనొప్పి ఇంకోటుంది. ప్రతి చేపతో నాలుగు పోజులు, తక్కువంటే ఒక నిమిషం ఎత్తి పట్టుకోవాలని క్లయింటు పట్టు. చేపకు ఏమన్నా అవుతుందేమో అంటే "ఏం కాదులే, అంత పెద్ద చేప" అంటాండాడు.

గండికోట_గాలం
నిమిషమా? ఆయప్పను పెనుకొండ కొండ మీదికి ఉరికించి, పైకెక్కినాక ఒక నిమిషం ముక్కూ నోరూ మూసుకోమను. చేపది అప్పుడు అదే పరిస్థితి. గుంజులాడి గుంజులాడి సత్తువంతా అయిపోయి, మొప్పలకు నీళ్లు కావాల్సిన టైములో మనం గాల్లోకి లేపుతాం.

నల్లరేగడి
వదిలేసేదానికి ఇంత ఖర్చా? ఆ దుడ్లతో ఊరంతటికీ వంజరం పులుసు పెట్టొచ్చు.

కడప_లెన్స్
క్లయింటుకు అంకెలు చూపించు తమ్ముడూ, వింటాడు. 1992లో కెనడా పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్‌ను బాగా అలిసిపోయేదాకా ఈదించి, కొన్నిటిని గాల్లో పెట్టి, కొన్నిటిని పెట్టకుండా చూశారు. గాలి తగలనివాటిలో 12 శాతం చచ్చాయి. 30 సెకండ్లు గాల్లో ఉన్నవాటిలో 38 శాతం, 60 సెకండ్లు ఉన్నవాటిలో 72 శాతం. వదిలిన వెంటనే కాదు, తర్వాత 12 గంటల్లో. "ఈదుకుంటా పోయింది గదా, బాగుంది" అనుకునేది అందుకే తప్పు. అది చల్లటి నీళ్ల చిన్న చేప, జీటీ లెక్క వేరే ఉంటుంది, అదే శాతం దీనికీ అంటించొద్దు. కానీ గాల్లో ఉన్న ప్రతి సెకండూ లెక్కే అనేది మాత్రం మారదు.

గండికోట_గాలం
అక్క చెప్పినదానికి ఒక గుర్తు కలుపుతా. గడియారం చూసే పని లేదు. లేపినాక చేప ఒంటి మీద నుంచి నీళ్లు ధారగా కారుతాంటాయి. ధార ఆగి బొట్లు పడేది మొదలైతే నీ టైము అయిపోయినట్టే, దించేయాల. ఐదు సెకండ్లు, మహా అంటే పది. ఫొటో కూడా ఆ ధారతోనే అందంగా ఉంటాది. ఆరిపోయిన చేప ఫొటోలో సంతలో చేప మాదిరే కనపడతాది.

అనంత_క్లిక్
ఐదు సెకండ్లలో నేనేం తీయాల అన్నా? పెళ్లిలో తాళి కట్టేదానికే ఇంకా జాస్తి టైము ఇస్తారు.

జొన్నరొట్టె
అక్కడ కూడా "ఇంకోసారి కట్టు బాబూ" అనేది మీ ఫొటోగ్రాఫర్లే గదా.

కడప_లెన్స్
ఐదు సెకండ్లు చాలు. నీ కెమెరా సెకండుకు పది ఫ్రేములు తీస్తే 50 వస్తాయి. కాకపోతే సెట్టింగులన్నీ చేప పైకి రాకముందే అయిపోవాల. పోరు సాగేటప్పుడు చేయాల్సినవి ఇవి. ముందు కెప్టెనుతో మాట్లాడి, ఎత్తే టైముకు ఎండ పట్టినవాడి ముఖం మీద పడేట్టు బోటు తిప్పించుకో. దీనికి చేపకు నష్టమేం లేదు, అది ఇంకా నీళ్లలోనే ఉంది. తర్వాత వాడు మోకాళ్ల మీద కూర్చునే చోట ఇంకొకణ్ణి నీళ్ల క్యాను పట్టుకుని కూర్చోమని ఒక ఫ్రేము తీయి. వెలుతురు, ఫోకస్, వెనకాల ఎవడి కాళ్లు, ఏ ఐస్ డబ్బా పడుతోందో అంతా అప్పుడే తెలిసిపోతుంది. చేప వచ్చినాక "ఒకటి, రెండు, లేపు" అని నువ్వే కేకెయ్యి. లేపు అన్న మాటతోనే షటర్ నొక్కి పట్టు. నాలుగు పోజులు అడిగితే మధ్యలో చేపను మళ్లీ నీళ్లలో పెట్టి, మొప్పలు బాగా ఆడినాక ఇంకోసారి. రెండుసార్లకు మించి వద్దు.

వెండి రంగు చేప ఎండలో తెల్లగా కాలిపోతుంది. ఎక్స్‌పోజరు మైనస్ 0.7 దాకా దించు. టోపీ కింద ముఖం నల్లబడుతుంది, దానికి ఫ్లాష్ హై స్పీడ్ సింక్‌లో (షటర్ ఎంత వేగంగా ఉన్నా ఫ్లాష్ పనిచేసే పద్ధతి) పెట్టుకో. మామూలు సింక్ షటర్ 1/200, 1/250 దగ్గరే ఆగిపోతుంది, ఎగిరే నీటి చుక్కలకు అది చాలదు. చేప ఎగిరే షాట్లకు 1/2000 కింద దిగొద్దు. ఐఎస్‌ఓ ఆటోలో పెట్టి, పైన 3200 దగ్గర కట్టేయి.

ఉప్పుగాలి
ఫొటో సంగతి అక్క చెప్పింది. నిలబడే చోటు నేను చెబుతా. లెన్సు తప్పయితే ఫొటో పోతుంది, చోటు తప్పయితే కన్ను పోతుంది.

పాపర్ అంటే 120 నుంచి 200 గ్రాముల కట్టె. దానికి రెండు మూడు ముళ్ల గాలాలు. ఎనిమిదడుగుల రాడ్‌తో వెనక నుంచి ముందుకు విసురుతారు. విసిరేవాడి వెనక రాడ్ పొడుగు, దాని కొసన వేలాడే దారం కలుపుకుంటే పది, పన్నెండు అడుగులు ఎవ్వరూ ఉండకూడదు. ముప్పై అడుగుల లోపు బోటులో ఆ లెక్కన చోటే ఉండదు, అందుకే ఫొటోగ్రాఫర్ చోటు ముందే ఖాయం చేసుకోవాల. ముందు భాగంలో విసురుతుంటే నువ్వు కెప్టెన్ నిలబడే కన్సోల్ వెనక ఉండు. విసిరే ప్రతిసారీ "వేస్తున్నా" అని అరవాలని మొదటి రోజు పొద్దున్నే ఆరుమందితోనూ ఒప్పించుకో. నువ్వు చోటు మారేటప్పుడు నువ్వూ అరవాల.

చేప తగిలినాక ప్రమాదం దిక్కు మారుతుంది. దారం బిగుసుకుని ఉన్నప్పుడు గాలం చేప నోట్లోంచి ఊడితే, ఆ పాపర్ నేరుగా పట్టినవాడి ముఖం మీదికే వస్తుంది. జిగ్గు అయితే సీసం దిమ్మె. చేప బోటు పక్కకు వచ్చినాక ఇది ఎక్కువ, ఎందుకంటే సాగే దారం తక్కువ మిగిలి ఉంటుంది, దెబ్బ మెత్తబడదు. ఫొటోగ్రాఫర్లందరూ చేసే తప్పు ఆ టైములోనే: చేప బాగా కనపడుతుందని రాడ్ కొస కింద అంచు మీద వంగుతారు. వద్దు. దారం పోయే గీతకు పక్కగా, పట్టినవాడి కంటే ఒకటి రెండు అడుగులు వెనక్కు నిలబడి 70-200తో తీయి. పాలీకార్బనేట్ కళ్లద్దాలు రోజంతా పెట్టుకునే ఉండు. వ్యూఫైండర్‌కు అడ్డమని తీసేస్తారు. తీయొద్దు, వెనక తెర చూసి కొట్టు.

కాళ్లకు ముందు మూసిన బూట్లు. చెప్పులు వేసుకుంటే డెక్కు మీద పడి ఉన్న గాలం వేళ్లలోకి దిగుతుంది. లీడర్ దారం (గాలం దగ్గర కట్టే మందపాటి దారం) చుట్టలుగా పడిన చోట అడుగు పెట్టకు, చేప ఒక్క ఉదుటున పోతే ఆ చుట్ట కాలికి ఉచ్చవుతుంది.

అనంత_క్లిక్
అన్నా, కళ్లద్దాలు పెట్టుకుంటే వెనక తెర నల్లగా కనపడుతుంది. డాబా మీద ఇప్పుడే చూసినా.

ఉప్పుగాలి
పోలరైజ్డ్ (మెరుపు తగ్గించే) అద్దాలకు అంతే. కెమెరా అడ్డంగా పట్టినప్పుడు తెర బాగుండి, నిలువుగా తిప్పితే నల్లబడుతుంది, లేదా దీనికి ఉల్టా. ఏ దిక్కులో నల్లబడుతుందో ఇంటి దగ్గరే చూసుకుని పో.

సుంకేసుల_రీల్
లెన్సు మీద కూడా పోలరైజర్ ఫిల్టర్ ఖాయంగా ఉండాల. నీళ్ల మెరుపు తీసేస్తాది, చేప నీళ్లలో ఉండగానే నిలువెల్లా కనపడతాది.

కడప_లెన్స్
ఖాయంగా వద్దు. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు మింగుతుంది. ఎగిరే చేపకు అది దండగ. కెమెరా నిలువుగా తిప్పిన ప్రతిసారీ ఫిల్టర్ కూడా తిప్పుకోవాల, ఊగే బోటు మీద అది కుదిరే పని కాదు. ఒక బాడీకి 24-70 పోలరైజరుతో, బోటు పక్కన నీళ్లలో ఉన్న చేపకు. రెండో బాడీకి 70-200 ఏ ఫిల్టరూ లేకుండా. లెన్సు మార్చేదే ఉండదు.

సుంకేసుల_రీల్
సరే, ఆ లెక్కన ఒప్పుకుంటా.

నల్లరేగడి
రెండు కెమెరాలూ మెడలో వేసుకుంటే పెళ్లికొడుకు మాదిరే ఉంటాడు.

ఉప్పుగాలి
నవ్వుకు అన్నా అసలు మాట అది. మెడలో పట్టీ వద్దు. రాడ్ కాడకో గాలానికో తగులుకుంటే మనిషినే లాక్కుపోతుంది. మణికట్టు పట్టీ ఒకటి, రెండో కెమెరా మూత ఉన్న గట్టి పెట్టెలో. లైఫ్ జాకెట్ గాలి నిండే రకం అయితే కెమెరా పట్టీలు దాని మీద అడ్డంగా రాకూడదు, జాకెట్ ఉబ్బినప్పుడు పట్టీ ఛాతీకి బిగుసుకుంటుంది. నీళ్లు తగిలితే తనంతట తనే ఉబ్బే రకం మంచిదే, కాకపోతే ముందు భాగంలో అలల జల్లుకు కూడా ఒక్కోసారి ఉబ్బుతుంది. దాని మారు గ్యాసు సిలిండరు పెట్టుకో. విమానంలో ఆ సిలిండర్లకు ఎయిర్‌లైన్ అనుమతి ముందే అడగాల. కెమెరా మారు బ్యాటరీలు చేతిసంచిలోనే, లగేజీలో వేయకూడదు.

తుంగభద్ర_77
నాది కర్నూలులో కెమెరా రిపేరు పని. సముద్రం నుంచి తిరిగొచ్చే సామానులో పాడయ్యేవి ఎప్పుడూ అవే నాలుగు చోట్లు: హాట్ షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) కాంటాక్టులు, బ్యాటరీ మూత రబ్బరు, కింద ట్రైపాడ్ స్క్రూ, జూమ్ లెన్సు గొట్టం.

24-70 జూమ్ చేస్తే గొట్టం బయటికి వస్తాది. దాని మీద జల్లు పడి, తుడవకుండా లోపలికి లాగితే ఆ ఉప్పు లోపల గ్రీజులో కలుస్తాది. మొదట నాలుగు రోజులు ఏం తెలియదు, నెలకు గరగరమంటాది. కాబట్టి గొట్టం బయట ఉన్నప్పుడే తుడిచి లోపలికి పంపాల.

తుడిచే వరస చెబుతా. ముందు బ్లోయరు. నోటితో ఊదొద్దు. తర్వాత మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తి తీయాల, రుద్దొద్దు. ఉప్పు ఎండితే పలుకులు, పొడిగుడ్డతో రుద్దితే గాజు పూతకు గీతలు. ఆ తర్వాతే పొడిగుడ్డ. గుడ్డలు రోజుకు మూడన్నా జిప్ కవర్లో పెట్టుకో, ఉప్పు పట్టిన గుడ్డ మళ్లీ వాడితే తుడిచినట్టు కాదు, పూసినట్టు.

ఇంకొకటి మన సీమ వాళ్లకే. పోయే ముందు కెమెరా సంచి మొత్తం దులిపి వాక్యూమ్ పట్టు. మన ఎర్రదుమ్ము మూలమూలలా ఉంటాది. దానికి సముద్రపు తేమ తగిలితే సంచిలో బురదే.

జొన్నరొట్టె
నీళ్లలో పడితే బియ్యం డబ్బాలో పెట్టాల్నంట గదా?

తుంగభద్ర_77
బియ్యం వండుకో. డబ్బాలో పెడితే తవుడు దుమ్ము లోపలికి పోయి నాకు రెండు పనులు. ఉప్పునీళ్లలో పడితే ఆన్ చేసి చూడొద్దు. ముందు బ్యాటరీ, తర్వాత కార్డు తీయి, మూతలన్నీ తెరిచిపెట్టి ఎంత బిర్నా సర్వీసుకు చేరిస్తే అంత మేలు. "పని చేస్తాందా లేదా" అని ఒక్కసారి ఆన్ చేసేదానితోనే బోర్డు పోతాది.

ఏసీ గది నుంచి బయటికి తెచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. కెమెరా జిప్ కవర్లో మూసి, నీడలో అర్ధగంట పెట్టినాకే తెరువు. లేకుంటే తేమ లెన్సు లోపల పడతాది. రాత్రి ఏసీ లేని మూల పెడితే ఈ బాధే లేదు.

పెన్నాగట్టు
జిగ్గింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. పది మీటర్ల లోతుకు ఒక అట్మాస్ఫియర్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 80 మీటర్ల దగ్గర అది పైన ఉన్నదానికి తొమ్మిదింతలు. గ్రూపర్, స్నాపర్ లాంటివాటిని అక్కడి నుంచి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బుతుంది. కళ్లు బయటికి పొడుచుకొస్తాయి, నోట్లోంచి బుడగ మాదిరి ఒకటి వస్తుంది. అది గాలితిత్తి కాదు, దాని కడుపు. "గాలి తీస్తాం" అని దాన్ని పొడిచేవాళ్లుంటారు, పొడవనియ్యొద్దు. వదిలేస్తే అది కిందికి దిగలేదు, పైన తేలుతుంటే పక్షులో సొరలో చూసుకుంటాయి. డిసెండర్ అని కింది పెదవికి తగిలించే క్లిప్పు వస్తుంది. దానికి బరువు కట్టి చేపను లోతుకు దింపి అక్కడ వదులుతారు. బరువు చాలకపోతే సగం దూరంలో ఆగి మళ్లీ పైకి తేలుతుంది. బోటులో అది ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడుగు. ఈ చేపలతో ఎత్తే పోజు మానేసి, డిసెండరుతో దింపే ఫొటో తీయి. అది ఎవరి ఆల్బంలోనూ ఉండదు.

గండికోట_గాలం
చేతులు కూడా చెప్పాల. తడి చేతులు, తడి గ్లౌజులు. టవలుతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడొస్తాది, దానికి రోగం అంటకుండా కాచేది ఆ జిగురే. ఒక చెయ్యి తోక మొదట, ఇంకో చెయ్యి ముందు రెక్కల వెనక పొట్ట కింద, అడ్డంగా. మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు. పెదవికి గ్రిప్ తగిలించి నిలువునా వేలాడదీయొద్దు, నీళ్లలో తేలే ఒళ్లు తన బరువు తానే మొయ్యలేదు. 20 కిలోలు దాటితే ఇద్దరు పట్టాల, అదీ మోకాళ్ల మీద కూర్చుని, జారినా అడుగు ఎత్తు నుంచి పడేట్టు.

నల్లరేగడి
అట్లయితే తినేదానికి పట్టిన చేపతో ఎంతసేపన్నా పోజు ఇయ్యొచ్చు గదా?

గండికోట_గాలం
ఇయ్యొచ్చు. ముందు తలలో పొడిచి ఒక్క దెబ్బతో చంపి, మొప్పల దగ్గర నెత్తురు తీసి, అప్పుడు ఫొటో, వెంటనే ఐసు నీళ్లలోకి. సూర చేప అయితే ఐసు ఆలస్యమైనకొద్దీ కండ పాడవుతాది, కాబట్టి అక్కడా గంటలు లేవు. కొట్టుకుంటాండే చేపను డెక్కు మీద పడేసి దాని పక్కన నవ్వేది మాత్రం వద్దు. చంపిన చేప ఫొటో కింద "వదిలేశాం" అని రాయొద్దు. రాస్తే తెలిసినోడు కళ్లు, రంగు చూసి పట్టేస్తాడు.
నీ పులుసు సంగతి: రీఫుల దగ్గర తిరిగే పెద్ద జీటీ, బారకుడాలలో సిగ్వాటెరా విషం ఉండే అవకాశముంది. ఎంత ఉడికించినా పోదు.

నల్లరేగడి
మా వాగులో కొరమీనే మేలబ్బా.

సుంకేసుల_రీల్
కొమ్ముకోనాం పడితే? దాన్ని ఎత్తకుండా ఎట్ల?

ఉప్పుగాలి
ఎత్తనే ఎత్తొద్దు. అమెరికా అట్లాంటిక్ తీరంలో వదిలేసే మార్లిన్, సెయిల్‌ఫిష్‌ను నీళ్లలోంచి తీయకూడదని రూలే ఉంది. మన దగ్గర ఎవరూ అడగరు, అంతమాత్రాన ఎత్తమని కాదు. 2022లో విశాఖ వైపు కొమ్ముకోనాం పొడిచి మత్స్యకారుడు చనిపోయిన వార్త అందరూ చదివిందే. బోటు మెల్లగా ముందుకు పోతుండగా, గ్లౌజులున్న మనిషి కొమ్ము పట్టుకుని చేపను నీళ్లలోనే పక్కన ఈదిస్తాడు. నోట్లో నీళ్లు ఆడి అది తేరుకునేది అట్లనే. నువ్వు పోలరైజరున్న 24-70తో పైనుంచి తీయి. రెండు మీటర్ల కర్రకు యాక్షన్ కెమెరా కట్టి నీళ్లలో ముంచితే ఇంకా బాగొస్తుంది. కర్రకు తాడు కట్టి బోటుకు ముడేయి, లీడర్ దారం వైపు పోనీయకు. సొరలు తిరుగుతుంటే ఫొటో మాటే ఎత్తకుండా వదిలేయండి. అలిసిన చేప వాటికి వడ్డించిన విస్తరే.

పెన్నాగట్టు
తాబేలు, తిమింగల సొర లాంటివి దారానికి చిక్కితే పోజు పెట్టొద్దు, దారం దగ్గరగా కోసి వదలాల. వన్యప్రాణి రక్షణ చట్టంలో అవి మొదటి షెడ్యూలు. తిమింగల సొరను 2001లో చేర్చారు. వండూర్ దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో గాలం వేయకూడదు. ఆదివాసీ రిజర్వుల ఒడ్డు వైపు బోటూ పోకూడదు, లెన్సూ తిరగకూడదు.

జొన్నరొట్టె
డ్రోను తీసుకుపోతే?

ఉప్పుగాలి
రిజిస్ట్రేషన్ సంగతి ముందే చూసుకోవాల. ఆ వైపు రెడ్ జోన్లు (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోట్లు) చాలా, ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా పెట్టె కూడా తెరవొద్దు. అనుమతి ఉన్నా ఒక తిరకాసుంది: బ్యాటరీ అయిపోతే డ్రోను లేచిన చోటికే తిరిగొస్తుంది. అప్పటికి బోటు అక్కడ ఉండదు. చక్కగా నీళ్లలో దిగుతుంది. హోమ్ పాయింట్ (డ్రోను తిరిగొచ్చే చోటు) రిమోట్ వెంట మారేట్టు పెట్టుకోవాల.

కడప_లెన్స్
ఫొటోల్లో జీపీఎస్ ఆపేయి తమ్ముడూ. ఆ చోట్లు కెప్టెన్ల బతుకుతెరువు. వెనకాల దీవి కొండ ఆకారం పడినా తెలిసినవాళ్లు పట్టేస్తారు, బయట పెట్టే ముందు ఆయన్ను అడుగు. బోటు పనివాళ్ల ముఖాలకు కూడా.
చేతులు ముందుకు చాపించి 24 దగ్గర తీసి చేపను ఏనుగు చేయొద్దు. నీళ్లలోనే టేపుతో కొలవండి. పొడుగు, చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని, చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడుగుతో గుణించి, 800తో భాగిస్తే పౌండ్లు. 48 పొడుగు, 34 చుట్టు అంటే 69 పౌండ్లు, సుమారు 31 కిలోలు.

సుంకేసుల_రీల్
వాంతుల సంగతి మరిచినారు. వ్యూఫైండర్లో చూసేవాడికే ముందు తిరుగుతాది. డాక్టర్ను అడిగి మాత్ర రాత్రే వేసుకో, అలలు మొదలైనాక వేసుకుంటే లాభం లేదు. కొన్నిటికి మత్తుగా ఉంటాది, ఇంటికాడ ఒకరోజు వేసి చూడు. బోటు మధ్యలో, వెనక వైపు ఊపు తక్కువ. షాటుకూ షాటుకూ మధ్య దూరంగా గీత మాదిరి కనపడే సముద్రం అంచు చూడు, వెనక తెరలో ఫొటోలు తిప్పుతా కూర్చోవద్దు.

అనంత_క్లిక్
క్లయింటుకు 72 శాతం సంగతి చెప్పినాక దిగొచ్చినాడు. చేపకు రెండు లేపుళ్లు, ఐదైదు సెకండ్లు. నిన్న పార్నపల్లి కట్ట కింద ఇద్దరితో రిహార్సల్ చేసినాం, తడి గోనెసంచిలో 20 కిలోల ఇసుక. "ఒకటి, రెండు, లేపు" అంటే 48 ఫ్రేములు వచ్చినాయి. ముఖం, సంచి రెండూ షార్పుగా ఉన్నవి తొమ్మిదే. మిగతావాటిలో ముఖం బాగుంటే సంచి మసక, సంచి బాగుంటే ముఖం మసక. 35 దగ్గర, రెండు మీటర్ల దూరం, ఎఫ్ 2.8.

కడప_లెన్స్
పెళ్లి అలవాటు. ఎఫ్ 2.8లో నీకు ఆ దూరంలో షార్పుగా ఉండేది అర మీటరే, సంచి ముఖానికి అంత ముందే ఉంటుంది. ఎఫ్ 8 పెట్టు, మీటరున్నర నుంచి మూడు మీటర్ల దాకా వచ్చేస్తుంది. ఫోకస్ మనిషి కంటి మీద కట్టేయి, చేప తానే లోపల పడుతుంది.

అనంత_క్లిక్
ఎఫ్ 8లో మళ్లీ తీసినాం. 51కి 44.

నల్లరేగడి
ఆ 44లో ఇసుక సంచి నవ్వింది ఎన్నిట్లో?